జాతీయోద్యానమున వేసవి కొలువు

రోహిణికార్తె యెండలకు కృష్ణా, గుంటూరు మండలములయందు చెఱువులు నెఱ్ఱెలు విచ్చుటకు కొలది దినముల మునుపు వఱకును, అమెరికా సంయుక్త రాష్ట్రములయందలి ఎల్లోస్టోన్ జాతీయోద్యానమున త్రోవలపై పేరుకొనిన మంచును యంత్రములతో త్రవ్వి తీయుచుందురు. ఆ మంచు పూర్తిగా కరగకమునుపే, పెట్టె యొకటి, పరుపుచుట్ట యొకటి పట్టుకొని వేలకొలది జనులు, అందు విశేషముగా యువకులు, ఆ వనమునకు వచ్చి దిగుదురు. వీరు వినోదయాత్రకు వచ్చినవారు కారు. వేసవి మూడు నాలుగు నెలలు కొలువుచేసి పోవుటకు వచ్చినవారు. అంట్లు తోముటకు, పక్కలు సవరించుటకు, ద్వారములయందు రుసుము వసూలు చేయుటకు, పాయిఖానాలు కడుగుటకు, కాలిబాటలపై కూలిన మ్రాకులను కోసి తొలగించుటకు, దారితప్పిన యాత్రికుని వెదకి తెచ్చుటకు వీరే కావలెను.

మన పాఠకులలో పలువురి బిడ్డలు అమెరికాయందు చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. వేసవి సెలవులలో వారును, వారిని చూడబోయిన తల్లిదండ్రులును ఈ యుద్యానమును దర్శించి వచ్చుట నేడు సామాన్యమైనది. వారి మాటలు మేము వినియున్నాము. నీరు కుతకుతలాడుచు ఆకాశమున కెగయుటయు, రంగురంగుల గుండములును, త్రోవ కడ్డముగా నిలిచిన బైసన్ మందయు, అన్నియు చక్కగా వర్ణింతురు. తాము పరుండిన పక్కను ఎవరు సవరించిరో, తాము విడిచిన పళ్ళెమును ఎవరు కడిగిరో ఒక్కరైన చెప్పగా మేము వినలేదు. ఆ చెప్పని సంగతియే నేటి మా విషయము. జాతి యొకటి తన యుద్యానములను లోకమునకు గర్వముతో చూపునపుడు, ఆ యుద్యానమును కాపాడువారిని ఎచ్చట పరుండబెట్టుచున్నదో కూడ చూపవలెనని మా యభిప్రాయము. ఈ విషయమున అమెరికా ప్రభుత్వము చేయవలసినంత చేయలేదు.

ఎల్లోస్టోన్ చిన్న తోట కాదు. 1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు గ్రాంటు చేవ్రాలుతో ఏర్పడిన ఈ వనము విస్తీర్ణమున 22 లక్షల ఎకరములు. 2022 నాటి జిల్లాల విభజనకు పూర్వపు మన కృష్ణాజిల్లాకంటె కొంచెము పెద్దది. లోకమునందలి సజీవములగు గీజర్లలో, అనగా ఉండియుండి వేడినీటిని పైకి చిమ్ము బుగ్గలలో, సగమునకు మించి ఇచ్చటనే కలవు. 2024వ సంవత్సరమున 47 లక్షలకు పైగా యాత్రికులు వచ్చిరి. వీరిలో అత్యధికులు జూను మొదలు సెప్టెంబరు వఱకు వచ్చినవారే. ఏలయన, చలికాలమున ఉత్తరపు త్రోవ యొకటి తప్ప తక్కినవన్నియు కార్లకు మూతపడును. కావున పనివాండ్రు వేసవికే కావలసివచ్చుట ప్రభుత్వము పన్నిన పన్నాగము కాదు, ఆ నేల స్వభావము. ఈ పనివాండ్రు రెండు తెగలు. 1916లో స్థాపింపబడిన జాతీయోద్యాన శాఖ నేరుగా నియమించువారు కొందఱు. హోటళ్ళను, భోజనశాలలను, దుకాణములను గుత్తకు తీసికొనిన కంపెనీలు నియమించువారు మఱికొందఱు. సంఖ్యలో వీరే అధికులు.

కొలువున కుదురుకొనుట యనగా నేమో మన పాఠకులకు చెప్పనక్కఱలేదు గాని, ఆ చోటి విశేషములు కొన్ని చెప్పదగియున్నవి. యువకుడు బొమ్మలలో చూచిన పర్వతములను మనస్సున నిడుకొని వచ్చును. వచ్చిన దినమున వానికి దొరకునది పర్వతము కాదు. సంతకములు చేయవలసిన కాగితముల కట్ట, ఒడలికి సరిగా అమరని దుస్తులజత, పేరును స్వస్థలమును వ్రాసిన రొమ్ముబిళ్ళ, ఒక గదిలో సగమునకు తాళపుచెవి. తక్కిన సగము ఎవరిదో ఆ రాత్రి వఱకు తెలియదు. పోలండు విద్యార్థిది కావచ్చును, ఒహాయో రాష్ట్రమునందలి పింఛనుదారుది కావచ్చును. స్నానపుగది వసారా చివర, పదిమందికి ఒక్కటి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను ప్రసిద్ధమగు గీజరుచెంత భూమి సముద్రమట్టమునకు 7,300 అడుగులకు పైబడిన యెత్తున నున్నందున, పల్లపు సీమనుండి వచ్చినవానికి తొలి దినములలో మేడమెట్లెక్కినను ఆయాసము వచ్చును. జూను మాసమునను మంచు కురియును. టెలిఫోను మాట పెక్కుచోట్ల అందదు. సబ్బుబిళ్ళకైనను మంచి ధర కావలెనన్న ముప్పది మైళ్ళు పోవలెను. కారులేనివాడు కారున్నవానితో స్నేహము చేయవలెను.

పిమ్మట పాఠములు. బైసన్‌లకు, ఎల్క్ దుప్పులకు 25 గజములు, ఎలుగులకు తోడేళ్ళకు 100 గజములు దూరముగా నుండవలెను. గీజర్ల చెంత పలకలతో కట్టిన బాట దిగి అడుగు పెట్టరాదు; పైకి గట్టినేలవలె కానవచ్చునది పలుచని పెచ్చు, దానిక్రింద మసలుచున్న నీరు. ఇవి చాదస్తపు హెచ్చరికలు కావు. 2000వ సంవత్సరము ఆగస్టు మాసమున, రాత్రివేళ దీపములేక నడచుచు ముగ్గురు వేసవి కొలువువారు ఇట్టి వేడిగుండమున పడగా ఒకరు మరణించిరి, ఇరువురు ఘోరముగా కాలిరి. వారందఱును ఇరువది యేండ్లకు మించని ప్రాయమువారు, ఆ నేలను ప్రేమించి వచ్చినవారు. ప్రేమ ఒక్కటియే చాలదు. ఆ నేల మర్మములు తెలిసినవారు ప్రక్కనుండవలెను. ఈ సంగతిని పాఠకులు గుర్తునందుంచుకొందురు గాక. దీనితో మాకు తరువాత పనియున్నది.

తొలివారమున ఇంట ఎన్నడును తాను తిన్న పళ్ళెము కడిగి యెఱుగని బాలుడు దినమునకు ఎనిమిది గంటలు ఆవిరిలో నిలిచి వందలకొలది పళ్ళెములు కడుగును. అరచేతులు నానిపోవును. ఇంటికి పాఱిపోవుదమను తలంపు రానివాడుండడు; కొందఱు పోవుదురు కూడ. నిలిచినవానికి మూడవవారమున ఏమో జరుగును. సెలవు దినమున వాష్‌బర్న్ శిఖరమునకు, 10,243 అడుగుల యెత్తునకు, తోడివారితో ఎక్కి క్రింద నాలుగువైపుల వనమును చూచి వచ్చును. యాత్రికుడెవడో "గీజరు మరల ఎప్పుడు లేచును?" అని అడుగగా, ఇంచుమించు గంటన్నరకొకసారియనియు, క్రిందటిసారి ఎంతసేపు చిమ్మినదో దానినిబట్టి లెక్కవేయుదురనియు తడుముకొనక చెప్పును. "ఈ వనము" అనుట మాని "మా వనము" అనును. ఆ "మా" అను మాట వాని నోట వచ్చిన దినముననే వాడు కొలువున కుదురుకొనినట్లు. జీతములకు ఆ మాటను కొనజాలము.

ఈ కొలువువారు తమకు తాము పెట్టుకొనిన పేర్లు విచిత్రములు. గుఱ్ఱపుబండ్ల కాలమున బండ్లు తోలువారికి "శావేజి" లనగా అనాగరికులను పరిహాసనామ ముండెడిది. అది క్రమముగా వనమునందలి పనివాండ్రందఱకును అంటుకొని పెక్కు దశాబ్దములు నిలిచినది. అంట్లు తోమువారు ముత్యములకై మునుగువారు. మూటలు మోయువారు మూటల యెలుకలు. వినుటకు ముచ్చటగానే యున్నది. కాని ఆ మొదటి మాట కడ మేమొక్క క్షణమాగక తప్పదు. ఆ నేలపై మనుష్యులు 11,000 సంవత్సరములుగా సంచరించుచున్నారు. పర్వతపు గొఱ్ఱెలను వేటాడి జీవించిన టుకుడికా తెగవారి యిల్లు అదియే; క్రో, బ్లాక్‌ఫీట్, నెజ్‌పర్స్ మున్నగు జాతులకు అది వేటపట్టు, త్రోవ, పుణ్యస్థలము. నేడు 27 జాతులు ఆ వనముతో తమకు సంబంధమున్నదని చెప్పుచున్నవి. వనమేర్పడిన తరువాత వీరిని అందుండి వెడలగొట్టి, వీరు గీజర్లకు భయపడి ఆ చాయలకే రారని యాత్రికులకు బొంకుకథ చెప్పిరి. అసలు కాపులను అనాగరికులని తఱిమివేసిన చోట, తరువాత వచ్చిన తెల్లవారి బిడ్డలు ఆ పేరునే వేసవి వేళాకోళముగా ధరించిరి! పరిపాలనమెఱిగిన మనవంటి జాతికి ఈ వ్యంగ్యము వివరింప నక్కఱలేదు. 2022లో, వనమున కేర్పడిన 150వ సంవత్సరమున, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చెంత ఆ జాతుల వారసత్వ కేంద్రమొకటి తెఱచిరి. వారి చేతిపనివారును కథకులును వచ్చి యాత్రికులతో మాటలాడుచున్నారు. ఆలస్యమైనను మేలు.

ఇక, ఈ పనులు చేయువారెవరు? అచ్చట కళాశాల విద్యార్థియు, పాఠశాలోపాధ్యాయుడును, ఉద్యోగము విరమించిన ఇంజనీరును ప్రక్కప్రక్కన నిలిచి చీపురు పట్టుదురు. 1936 వేసవిలో ఎల్లోస్టోన్‌నందు రేంజరుగా పనిచేసిన జెరాల్డ్ ఫోర్డు తరువాత 1974లో అమెరికా అధ్యక్షుడయ్యెను. ఆ కాలమున యాత్రికుల వేడుకకై ఎలుగుబంట్లకు హోటళ్ళ ఎంగిలి వేయుచుండిరి. ఆ యెంగిలి బండిపై తుపాకి పట్టి కావలియుండుట ఫోర్డుగారి పనులలో నొకటి. ఎలుగులకు ఎంగిలి మేపుట తెలివితక్కువ పనియని శాఖవారు తరువాత గ్రహించి మానిరి గాని, ఆ బండిపై నిలిచినందుకు ఆయన గౌరవమేమియు తగ్గలేదు. మన యిండ్లలోనో! కుమారుడు అమెరికాలో హోటలున పళ్ళెములు కడిగెనన్న మాట బంధువులకు తెలియకుండ దాచువారిని మేమెఱుగుదుము. 1901 కలకత్తా కాంగ్రెసు సభలో గాంధీ మహాత్ముడు ప్రతినిధుల పాయిఖానాను స్వయముగా శుభ్రము చేసిన కథ మన బిడ్డలకు పాఠముగా చెప్పుదుము. వారాపని చేసివచ్చినచో మాత్రము సిగ్గుపడుదుము.

ఆర్థికమాంద్యపు దినములలో అమెరికా ప్రభుత్వమే ఈ కొలువునకు గొప్ప రూపమిచ్చినది. 1933 మొదలు 1942 వఱకు నడచిన పౌర సంరక్షణ దళమునందు సుమారు 30 లక్షల నిరుద్యోగ యువకులు అడవులలోను వనములలోను బాటలు వేసిరి, వంతెనలు కట్టిరి, చెట్లు నాటిరి. నెలకు 30 డాలర్లు జీతము. అందు 25 డాలర్లు ఇంటికి పంపవలెను. తిండి, బట్ట, పడక ప్రభుత్వమువి. నల్లవారిని వేఱు శిబిరములలో నుంచిన పాపమును ఆ దళము మూటగట్టుకొన్నదనుట సత్యము. అయినను ఒక్క విషయము గమనింపుడు: ఆ దరిద్రపు దినములలోనే ప్రభుత్వము పనివానికి పడకనిచ్చి, దానికి బాడుగ కోయలేదు.

నేటి సంపద దినములలో కోయుచున్నది. ప్రభుత్వపు బసలయందుండు ఉద్యోగి జీతమునుండి అద్దె మినహాయింతురు. ఆ యద్దెను వాని జీతమునుబట్టి కాక, సమీప పట్టణములందలి అద్దెలను పోల్చి నిర్ణయింతురు. ఆ పట్టణములలోని యిండ్లో, యాత్రికులకు దినాద్దెల కిచ్చుట లాభసాటియైనందున ఒకటొకటిగా బసలుగా మాఱిపోవుచున్నవి; ఉన్న కొలది యిండ్ల అద్దెలు మింటికెక్కుచున్నవి. అనగా యాత్రికుల రద్దీ పెరిగినకొలది వారికి సేవచేయువాని మినహాయింపును పెరుగునన్నమాట! గుత్తకంపెనీల కొలువులయందును పడకకు, భోజనమునకు జీతమున కోతయుండును. విదేశములనుండి వేసవి కొలువునకు వచ్చు విద్యార్థుల స్థితి మఱింత సంకటము: నాలుగు నెలలకు మించని అనుమతికి ముందుగానే రుసుములు చెల్లించి, విమానపు ఛార్జీలు పెట్టుకొని వచ్చి, మొదటి నెలల జీతముతో ఆ యప్పు తీర్చుకొనవలెను.

వరికోతలకు పొరుగు మండలమునుండి వచ్చు కూలికి కళ్ళముచెంత పాకవేసుకొన చోటిచ్చి, ఆ చోటికి అద్దెయని గింజలలో కోతపెట్టు కామందు మన డెల్టాలో నున్నచో ఊరివారేమందురో మన పాఠకులే యెఱుగుదురు. మన కామందులు ధర్మమూర్తులని మేమనుటలేదు. అట్టివారును ఎఱిగిన మర్యాద యిది.

గంటల లెక్క మఱియొకటి. పూర్తికాలపు ప్రభుత్వోద్యోగి యేడాది పని 2,080 గంటలు. అందు సగము 1,040. వేసవి రేంజరును 1,039 గంటల లెక్కలో ఇమిడ్చి నియమించుట శాఖకు పరిపాటి. ఆ యొక్క గంటను మిగిల్చిన గుమాస్తా బుద్ధికుశలతను మేము మెచ్చుకొనవలసినదే! పది వేసవులు, ఇరువది వేసవులు మరల మరల వచ్చి సేవించినవారు కలరు. తాత్కాలికులగుటచే ఆ వేసవులు వారి పింఛను లెక్కకు రావు. 2014లో నిబంధన సవరించువఱకు ప్రభుత్వపు ఆరోగ్యభీమాయు వీరికి సామాన్యముగా దక్కకుండెను.

2024లో పేరు చెప్పని దాతలు ఎల్లోస్టోన్ ఉద్యోగుల యిండ్లకై 4 కోట్ల డాలర్లు ఇచ్చిరి. దానితో 70కి పైగా గృహములు కట్టింతుమని ప్రకటించిరి. దాతలకు నమస్కారము. కాని ప్రపంచమునందు ఎంతయో ధనికమైన ప్రభుత్వము తన వనపాలకునికి ఇల్లుకట్టుటకు అజ్ఞాత దాత చేయి చూడవలసివచ్చుట గర్వింపదగినది కాదు. సత్రములు దాతలు కట్టించిన చెల్లును. కొలువువాని ఇల్లు యజమానుడే కట్టింపవలెను.

ఇచ్చట నొక యాక్షేపణ వినబడుచున్నది. యువకులు పోవునది జీతమునకు కాదు; పర్వతములకు, స్నేహములకు, స్వేచ్ఛకు. వారికి లేని బాధ మీకేల? అని. అమెరికాలో రేంజర్లకు సూర్యాస్తమయములే జీతమని ఒక నానుడియు కలదు. మేమీ ఆక్షేపణను తేలికగా త్రోసివేయము. పైన మేము వర్ణించిన "మా వనము" అను మాట దీనికి సాక్ష్యమే. 1957లో ఎలిజబెత్ కుష్‌మన్ అను యువతి తన కళాశాల వ్యాసమునందు చేసిన సూచనను ఆచరణలో పెట్టి, ఒలింపిక్, గ్రాండ్ టీటన్ వనములయందు విద్యార్థులచే జీతములేని సేవ చేయించినది. ఆ విద్యార్థి సంఘము నేటికిని పనిచేయుచున్నది. సేవ వేఱు, కొలువు వేఱు. సేవకుడు తాను వదలుకొనునదేమో యెఱిగి వదలుకొనును. కొలువువానికడ యజమాని తీసికొనునది వాని త్యాగమని పేరు పెట్టుట న్యాయము కాదు. మఱియు సూర్యాస్తమయములనే జీతముగా పుచ్చుకొనగలవారెవరు? ఇంటివద్ద అప్పులేని తండ్రి బిడ్డలు. బీదవాని బిడ్డ పర్వతమును ప్రేమించినను అద్దె చెల్లింపలేక మైదానమునకే దిగిపోవును. అప్పుడు ప్రజల వనము కలవారి పిల్లల వేసవిక్రీడగా మిగులును.

వీరి విలువ లేనపుడు తెలియును. 2022 జూనులో వరదవచ్చి గార్డినరు పట్టణమునుండి పోవు ఉత్తరపు త్రోవ కొట్టుకొనిపోగా, పదివేలకు మించిన యాత్రికులను ఒకటి రెండు దినములలో ప్రాణనష్టము లేక వెలుపలికి పంపిరి. ఏ బాట ఎటుపోవునో తెలిసినవారున్నందున అది సాధ్యమయ్యెను. 2025 జనవరిలో క్రొత్త ప్రభుత్వము నియామకములు నిలిపివేయగా, వేసవికి ఇచ్చిన కొలువు వాగ్దానములు రద్దయినవని అనేకులకు తాఖీదులు పోయినవి. ఫిబ్రవరిలో ఉద్యానశాఖయందు సుమారు 1,000 మందిని ఒక్క పెట్టున తొలగించిరి. యోసెమిటీ వనమునందు ఉద్యోగులు కొందఱు ఎల్ కాపిటాన్ కొండచఱియపై జాతీయపతాకమును తలక్రిందులుగా వ్రేలాడదీసిరి. ఆపదయందున్నామని తెలుపుటకు నావికులు వాడు గుర్తు అది. ప్రజలు గగ్గోలుపెట్టిన పిమ్మట 7,700 వఱకు వేసవి నియామకములు చేసికొనవచ్చునని సెలవిచ్చిరి. న్యాయస్థానములు తొలగింపులలో జోక్యము కలిగించుకొన్నవి.

అంకెలు చూచిన నష్టము పూడినట్లే కానవచ్చును. కాని గదికి మునుపే కుదిరిన స్నేహితుడు, ఇల్లు ఖాళీచేసి మూట కట్టుకొనినవాడు, పదునైదు వేసవులుగా క్రొత్తవారికి పెచ్చునేలయేదో గట్టినేలయేదో చూపుచున్నవాడు, ఉత్తరము రద్దుకాగా మఱియొక పని చూచుకొనిపోయిన తరువాత, వాని స్థానమున వచ్చినవాడు ఆ జ్ఞానమును ఎవరివలన నేర్చుకొనును? 2000 నాటి ఆ రాత్రి మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వనమునందు ప్రాణములు కాపాడునది వ్రాతపలక కాదు, తెలిసినవాని మాట.

మేము కోరదగినదని తలచునది స్వల్పము. బస అద్దెను పట్టణపు బజారునుబట్టి కాక కొలువువాని జీతమునుబట్టి కట్టవలెను. ప్రభుత్వమే ముందుగా ఆ పని చేసినచో గుత్తకంపెనీలచే చేయించుట గుత్తపత్రములోని యొక వాక్యముతో తీరును. చలికాలమున నిచ్చిన నియామకపత్రమును వేసవి రాకముందు రద్దు చేయు అధికారము ఎవరికిని ఉండరాదు. పది వేసవులు పనిచేసినవానికి ఆ పది వేసవులను సేవగా లెక్కింపవలెను. గతవత్సరము 33 కోట్ల సందర్శనములను చూచినామని 2025లో లెక్కకట్టిన శాఖకు ఇది మోయరాని భారము కాదు.

ఈ వేసవి ఆ చాయలకు పోవు మన తెలుగు కుటుంబములవారు భోజనశాలలో పళ్ళెము తీయవచ్చిన యువకుని రొమ్ముబిళ్ళపై నున్న ఊరిపేరు చదివి ఒక మాట పలుకరించినచో, వాడు సంతోషముగా బదులు చెప్పును. ఆనాడు ఏ గీజరు ఏ వేళకు లేచునో, బైసన్‌లు ఏ లోయలో మేయుచున్నవో కూడ చెప్పును.